మనదేనా

ముత్తుకూరు దోవలో ఓడ సామాన్ల గోడౌను.
ఆడ కొన్నా. పెట్టెకి ఇరవైనాలుగు డబ్బాలు,
మూడు పెట్టెలు, సగానికి సగం ధర.
రావాల్సిన ఓడ రాలేదంట, సరుకు మిగిలిపోయిందంట.
మూత మీద కోడి బొమ్మ, నవ్వుతా ఉండాది.
కింద రాసుండేది ఏ దేశం భాషో
నాకూ తెలీదు, అమ్మినోడికీ తెలీదు.

"కోటమిట్టలోనా నీ అంగడి?" అన్నాడు ఏజెంటు దయాకరు.
సొరుగులోంచి ఒక కాగితం తీశాడు.
నిండా చిన్న చిన్న ఆకుపచ్చ గుండ్రాలు, వాటి మీద అరబ్బీ.
"అంటించుకో. వీటికి డబ్బులొద్దులే."

చెప్పుకోవాల, నేను నీసు ముట్టను.
ఏకాదశి నాడు ఉల్లిగడ్డల బుట్ట మీద
గోనెపట్టా కప్పే ఇంట్లో పుట్టినోణ్ణి.
సబ్బు ఎట్టనో, పాలపొడి ఎట్టనో నాకిదీ అట్నే.
రంజాన్ నెల. సేమ్యా పొట్లాల పక్కన
ఖర్జూరం పెట్టెల పక్కన పేర్చి
రాత్రి తలుపు ఓరగా వేసుకుని అంటించా,
అంచులు లేవకుండా బొటనవేలి గోటితో ఒత్తి.
పదకొండోదానికి కరెంటు పోయింది.

తెల్లారి నాలుగు అమ్ముడుబోయినాయి.

అయిదోది చేతిలోకి తీసుకుంది ఖైరూన్‌బీ.
జాకెట్లకు హుక్కులు కుట్టే మనిషి. ఒక కంట్లో పువ్వు.
చదువు రాదు. డబ్బాని చెవి కాడ పెట్టుకుని
టెంకాయని ఊపినట్టు ఊపింది.
"సెట్టీ, ఇది మనదేనా?"

ముప్పై ఏళ్లుగా నా అంగట్లో ఆమె మాటే అది.
మన మొలగొలుకులు, మన చింతపండు, మన బాకీ.
అందులో నేనూ ఉండా.

ఎవరు కోశారో, కోసేటప్పుడు
కత్తి మీద ఏ పేరు పలికారో,
అసలు పలికారో లేదో,
డబ్బా చెప్పదు.

ఎందుకో అప్పుడే మతికొచ్చింది
స్టోన్‌హౌస్‌పేటలో మా తోడల్లుడి కొడుకు పుట్టినరోజు.
కేకు నా నోట్లో పెట్టి, మింగిందాకా ఆగి,
గుడ్డు వేశారని చెప్పి నవ్వాడొకడు.
రెండు రోజులు అన్నం దిగలా.
వాడి పేరు మా ఇంట్లో ఈ రోజుకీ ఎత్తం.

"మనది కాదు బీ."
"చీటీ ఉండాదిగా?"
"నేనంటించిందే."

ఆమె తిట్టి ఉంటే బాగుండు.
డబ్బాని తీసిన చోట పెట్టలేదు,
పక్కకి, కోడి మొహం గోడవైపు తిప్పి పెట్టింది.
పావు కిలో ఖర్జూరం కట్టించుకుంది.
చిల్లర ఇచ్చా.
ముప్పై ఏళ్లలో మొదటిసారి
లెక్కబెట్టుకుంది. మళ్లీ ఒకసారి లెక్కబెట్టుకుంది.

మధ్యాహ్నం అంగడి కట్టేసి నాలుగిళ్లూ తిరిగా.
మూడు వెనక్కొచ్చినాయి.
ఒకామె తలుపు సందులోంచే ఇచ్చింది,
డబ్బులిస్తే గడప మీద పెట్టి పొమ్మంది.
నాలుగోది టైలరు జిలానీ ఇంట్లో.
సహరీకి వండుకున్నారంట.
ఖాళీ డబ్బాని కడిగి, అడుగున మేకుతో బొక్కలు పొడిచి,
మన్ను పోసి, అప్పటికే ధనియాలు చల్లుండారు.

చెప్పా. మొత్తం చెప్పా.
జిలానీ మిషను చక్రాన్ని చేత్తో ఆపాడు.
"తెలీక తిన్నది మాకంటదు సెట్టీ.
మా పెద్దోళ్లు చెప్పిండారు."
ఇంకేమన్నా అంటాడని నిలబడ్డా.
చక్రం తిప్పుకున్నాడు.

మిగిలిన డబ్బాలు గోనెపట్టా కింద ఉండాయి.
దయాకరు ఫోనెత్తడం లేదు.
గోటి సందులో జిగురు రెండు రోజులు పోలేదు.

పండగ దాటినాక ఒక పొద్దున
జిలానీ చిన్నకొడుకు వచ్చాడు,
పిడికిట్లో కొత్తిమీర, వేళ్లతో సహా, తడిగా.
"నాయన ఇమ్మన్నాడు."
నేను చెయ్యి చాపే లోపలే,
అడక్కుండానే,
"ఆ డబ్బాలో మొలిచిందే సెట్టీ.
మా అమ్మ మూడుసార్లు కడిగింది డబ్బాని.
చెప్పి ఇమ్మంది."

తక్కెట్లో పెట్టుకుని కూర్చున్నా.
మా ఆడమనిషి పచ్చడికి రోలు కడిగి
రెండుసార్లు కేకేసింది.